స్టార్ ట్రెక్ రచయితల మీద తెలుగులో పాడ్‌కాస్ట్ పెట్టాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

మీ ప్రశ్న చదివాను. మాది రాయగడ, ఇంట్లో తెలుగు, బళ్లో ఒడియా అని రాశారు. మీరూ మీ చెల్లెలూ కలిసి స్టార్ ట్రెక్ అనే అమెరికా అంతరిక్ష సీరియల్ రాసినవాళ్ల గురించి తెలుగులో ఫ్యాన్ పాడ్‌కాస్ట్ పెట్టాలనుకుంటున్నారు. మొదటి ఎపిసోడు ఆ సీరియల్‌ని సృష్టించిన జీన్ రాడెన్‌బెరీ జీవితంతో మొదలుపెట్టాలా, మన వైపు తెలుగు విని జనం నవ్వుతారా, మధ్యలో సీరియల్ ముక్కలు వినిపించవచ్చా, ఇవీ మీ సందేహాలు.

నేరుగా చెప్పేస్తాను. తప్పకుండా పెట్టండి. కానీ రాడెన్‌బెరీతో మొదలుపెట్టకండి. ఏదో ఒక్క ఎపిసోడు తీసుకుని, దాని స్క్రిప్టులో ఎవరు ఏం మార్చారో, ఎందుకు మార్చారో చెప్పండి. భాష మీ ఇంట్లో మాట్లాడుకునేదే ఉంచండి. ముక్కలు వినిపించకండి, ఆ సీను మీ నోటితో చెప్పండి.

నాది పర్లాకిమిడి. జిరాక్స్, డీటీపీ షాపు నడుపుతాను. ఆరేళ్లుగా రాత్రి షట్టర్ దించాక అందులోనే కూర్చుని ఈ సీరియల్ రచయితల మీద పాడ్‌కాస్ట్ చేస్తున్నాను. కాబట్టి కింద రాసేదంతా చేసి చూసిందే.

నేను మొదలుపెట్టింది మీరు అనుకుంటున్న పద్ధతిలోనే. మొదటి మూడు ఎపిసోడ్లూ రాడెన్‌బెరీ పుట్టుక, విమానాలు నడపడం, పోలీసు ఉద్యోగం, 1966 సెప్టెంబరు 8న మొదటి ప్రసారం, మూడు సీజన్లు, 79 ఎపిసోడ్లు, ఇలా సాగింది. ఎక్కడా తప్పు లేదు, అయినా విన్నవాళ్లు సగంలోనే వెళ్లిపోయారు. ఎందుకంటే అందులో రచన లేదు. ఒక మనిషి బయోడేటా ఉంది, అంతే. రచయిత గురించి వినాలని వచ్చినవాడికి ఆ మనిషి తెల్ల కాగితం ముందు కూర్చున్నప్పుడు ఏ చిక్కులో పడ్డాడు, దాంట్లోంచి ఎలా బయటపడ్డాడు అన్నది కావాలి.

నాలుగో ఎపిసోడుకి డి.సి. ఫాంటానాని తీసుకున్నాను. అక్కడి నుంచి పరిస్థితి మారింది. ఆమె పూర్తి పేరు డొరతీ కేథరిన్ ఫాంటానా. రాడెన్‌బెరీ దగ్గర సెక్రటరీగా ఉండేది. ఆడపేరు చూసి స్క్రిప్టు పక్కన పెట్టేస్తారని పొడి అక్షరాలతో రాసేది. మొదటి సీజన్లో ఆమె చేతికి ఒక స్క్రిప్టు వచ్చింది. జెర్రీ సోల్ అనే రచయిత రాసినది, ఎంతకీ కుదరడం లేదు. ఒక గ్రహం మీద మొక్కల నుంచి వచ్చే బీజరేణువులు సోకితే మనుషులకి దిగులు పోయి, పని ధ్యాస పోయి, అక్కడే హాయిగా ఉండిపోవాలనిపిస్తుంది. ఇదీ కథ. ఆ స్క్రిప్టులో ప్రేమలో పడేది అంతరిక్ష ఓడ నడిపే సులు. ఫాంటానా అది చదివి, ఇది సులు కథ కాదు, అదే ఓడలో అధికారి అయిన స్పాక్ కథ అంది.

ఈ ఒక్క మార్పు దగ్గర ఆగి ఆలోచించండి. సులు ప్రేమలో పడితే ఒక అబ్బాయి ప్రేమలో పడ్డాడు, అంతే కదా. స్పాక్ పడితే? జీవితమంతా మనసుని అదుపులో పెట్టుకున్నవాడు చెట్టు కొమ్మకి వేలాడుతూ నవ్వుతాడు. కథ అయిపోయాక మళ్లీ మామూలు మనిషైపోయి, ఆ కాసేపే తను సంతోషంగా ఉన్నానని ఒప్పుకుంటాడు. అదే గ్రహం, అదే రేణువులు. అయినా పాత్ర మారేసరికి హాయిగా సాగే కథ కాస్తా గుండె పిండే కథ అయింది. రేణువులు కూడా పాత స్క్రిప్టులో ఒక గుహలో ఉండేవి. గుహలోకి పోకపోతే సరిపోయేది కదా! ఆమె వాటిని ఎక్కడ చూసినా పూసే పూలుగా మార్చింది, ఇక తప్పించుకునే దారి లేదు. ఆ స్క్రిప్టు నిలబెట్టినందుకే ఆమెకి స్టోరీ ఎడిటర్ ఉద్యోగం వచ్చింది. అప్పటికి ఆమె వయసు ఇరవై ఏడు. ఆ ఎపిసోడు పేరు ‘దిస్ సైడ్ ఆఫ్ ప్యారడైజ్’, 1967 మార్చి 2న వచ్చింది. సోల్ ఆ మార్పులు నచ్చక తన పేరు తీయించేసి నేథన్ బట్లర్ అని వేయించుకున్నాడు. ఇది కూడా చెప్పాలి. అతని వైపు నుంచి చూస్తే అతని కథ చేయి జారిపోయింది మరి.

ఇరవై నిమిషాల్లో నేను చెప్పింది ఇంతే. ఆ వారం ఒక ఫోన్ వచ్చింది. సూరత్‌లో మరమగ్గం మీద పనిచేసే మన బరంపురం కుర్రాడు. నైట్ షిఫ్టు దిగి గదికి నడుస్తూ విన్నాడట. ఈ సీరియల్ ఒక్క ఎపిసోడు కూడా చూడలేదు. ‘అన్నా, ఆ స్పాక్‌కి మళ్లీ ఎప్పుడైనా సంతోషం దొరికిందా?’ అని అడిగాడు. వినేవాళ్లు సీరియల్ చూసి ఉండాలని లేదు. మీరు కథ సరిగ్గా చెప్తే చాలు. నా శ్రోతల్లో సగం మంది పైగా చూడనివాళ్లే.

ఇప్పుడు అసలు జాగ్రత్త ఒకటి. టైటిల్స్‌లో పడిన పేరుని గుడ్డిగా నమ్మకండి. నాకు దీంట్లో గట్టి దెబ్బ తగిలింది. మూడో సీజన్ మొదటి ఎపిసోడు, స్పాక్ మెదడు ఎత్తుకుపోయే కథ, లీ క్రోనిన్ పేరు మీద ఉంటుంది. నేను పాడ్‌కాస్ట్‌లో ఈ క్రోనిన్ ఎవరో కొత్త రచయిత, సీరియల్ ఆత్మ తెలియనివాడు, అంతకుముందు సీరియల్ నిర్మాత, రచయిత అయిన జీన్ కూన్ ఉండి ఉంటే ఇలా జరిగేది కాదు అని పది నిమిషాలు మాట్లాడాను. లీ క్రోనిన్ అంటే జీన్ కూనే. అప్పటికి అతను సీరియల్ వదిలి వేరే చోట పనిచేస్తున్నాడు, అందుకే మారుపేరు. ఒక శ్రోత మర్యాదగానే రాశాడు కానీ నాకు రెండు రోజులు నిద్ర పట్టలేదు. ఎవరి గౌరవం నిలబెడదామని ఈ పని మొదలుపెట్టానో అతన్నే తిట్టాను. ఆ ఎపిసోడు తీసేయలేదు. తర్వాతి దాని మొదట్లోనే తప్పు చెప్పి సరిచేశాను. మీకూ తప్పులు వస్తాయి, అప్పుడు మీరూ ఇలాగే చేయండి.

ఇంకో ఉదాహరణ హార్లన్ ఎలిసన్ రాసిన ‘ది సిటీ ఆన్ ద ఎడ్జ్ ఆఫ్ ఫరెవర్’, 1967 ఏప్రిల్ 6న వచ్చింది. తెర మీద పేరు ఎలిసన్‌ది ఒక్కడిదే. కానీ దాన్ని కూన్, ఫాంటానా, రాడెన్‌బెరీ కూడా తిరగరాశారు. ఎలిసన్ రాసినదాంట్లో ఓడలోనే మత్తు సరుకు అమ్మే ఒక సిబ్బంది మనిషి వల్ల గొడవ మొదలవుతుంది. తెర మీదకి వచ్చేసరికి డాక్టర్ మెకాయ్‌కి పొరపాటున మందు ఎక్కువ డోసు ఎక్కడం అయింది. ఎలిసన్ కథలో చివరి క్షణంలో ఓడ కెప్టెన్ కిర్క్ తను ప్రేమించిన మనిషిని చావనివ్వలేకపోతాడు. తెర మీద ఆమెని కాపాడబోయిన మెకాయ్‌ని తనే పట్టుకుని ఆపుతాడు, ఆమె కళ్లముందే పోతుంది. ఎలిసన్ తన పేరు తీసి మారుపేరు వేయమన్నాడు, రాడెన్‌బెరీ ఒప్పుకోలేదు. తెర మీద వచ్చినదానికి 1968లో సైన్స్ ఫిక్షన్‌కి ఇచ్చే హ్యూగో అవార్డు, ఎలిసన్ అసలు స్క్రిప్టుకి రచయితల సంఘం అవార్డు, రెండూ వచ్చాయి! ఏది గొప్పది అని నన్ను ఇప్పటికీ అడుగుతారు. నా మటుకు తెర మీదిదే గొప్పది, కిర్క్ తన చేతులతోనే ఆపడం వల్లే ఆ కథ మనల్ని వదలదు. కానీ ఎలిసన్ పక్షాన గట్టిగా వాదించేవాళ్లు ఉన్నారు, వాళ్ల మాటలో బలం ఉంది. మీ అక్కాచెల్లెళ్లు చెరో పక్షం తీసుకుంటే అద్భుతమైన ఎపిసోడు అవుతుంది.

క్రెడిట్స్ చదవడం మన సినిమా చూసినవాళ్లకి కొత్త కాదు. కథ ఒకరు, మాటలు ఒకరు, స్క్రీన్‌ప్లే ఒకరు అని టైటిల్స్‌లో వేరువేరుగా చూస్తూనే పెరిగాం. వాళ్ల దగ్గర కూడా ‘స్టోరీ’ వేరు, ‘టెలీప్లే’ వేరు. ఇంకో చిన్న సంగతి: రెండు పేర్ల మధ్య ఆంపర్‌సండ్ గుర్తు (&) ఉంటే ఇద్దరూ కలిసి కూర్చుని రాశారని, ‘అండ్’ అని పూర్తి అక్షరాల్లో ఉంటే ఒకరి తర్వాత ఒకరు విడివిడిగా రాశారని అర్థం. ఇది అమెరికా రచయితల సంఘం నియమం. నేను దీన్ని తెలుసుకున్న రోజు నా దగ్గరున్న జాబితా మొత్తం మళ్లీ చూసుకున్నాను. వీలైతే స్క్రిప్టు మీద తారీఖులు కూడా చూడండి. అక్కడ మార్పు వచ్చిన ప్రతిసారీ ఆ పేజీలు వేరే రంగు కాగితం మీద వేస్తారు, నీలం, గులాబీ, పసుపు ఇలా. రోజంతా కాగితాల మధ్య ఉండేవాణ్ణి కదా, ఒక స్క్రిప్టు స్కాన్‌లో మధ్యలో నాలుగు పేజీలు మాత్రం రంగు మారి కనిపించినప్పుడు, ఆ నాలుగు పేజీల దగ్గర ఎవరో రాత్రంతా కూర్చుని ఉంటారని నాకు వెంటనే అర్థమైంది. రాడెన్‌బెరీ దాచిన మొదటి సీరియల్ కాగితాలు లాస్ ఏంజెలస్‌లో కాలిఫోర్నియా యూనివర్సిటీ లైబ్రరీలో ఉన్నాయి. మనం వెళ్లలేం, కానీ వెళ్లి చూసినవాళ్లు రాసింది చదవచ్చు.

మీది రాయగడ అన్నారు కాబట్టి జీన్ కూన్ గురించి ప్రత్యేకంగా చెప్తాను. మెరైన్ దళంలో పనిచేసి వచ్చిన మనిషి. మొదటి సీజన్ మధ్యలో నిర్మాతగా చేరాడు. ఓడవాళ్లకి శత్రువులైన క్లింగాన్ జాతిని తెచ్చింది ఇతనే. ఎదుటి గ్రహం బతుకులో మనం వేలు పెట్టకూడదన్న ప్రైమ్ డైరెక్టివ్ నియమం కూడా ఇతని హయాంలోనే తెర మీదకి వచ్చింది. 1973లో పోయాడు. పోయాక చాలా ఏళ్లు ఇతని పేరు ఎవరూ పెద్దగా తలవలేదు, ఘనతంతా రాడెన్‌బెరీ ఖాతాలోకే పోయింది.

కూన్ రాసిన ‘ది డెవిల్ ఇన్ ద డార్క్’ ముందు చూడండి. 1967 మార్చి 9. ఒక గ్రహంలో గని. లోపల ఏదో జంతువు యాభై మంది పనివాళ్లని చంపింది. గని పెద్ద ఇంజినీరు టేబుల్ మీద ఒక గుండ్రటి రాయి ఉంటుంది, సొరంగాల్లో అలాంటివి వేలు దొరికాయి, పనికిరానివని పడేశారు, ఒకటి అందంగా ఉందని పేపర్‌వెయిట్‌లా టేబుల్ మీదకి తెచ్చుకున్నారు. ఎపిసోడు మొదట్లోనే స్పాక్ దాన్ని చేతిలోకి తీసుకుని చూస్తాడు, ఎవరూ పట్టించుకోరు. చివరికి తెలుస్తుంది, అవి గుడ్లు. ఆ జంతువు తల్లి. పిల్లల్ని చంపుతుంటే ఆపడానికి వచ్చింది. దీన్ని నడిపించిన తీరు చూడండి: సాక్ష్యాన్ని మొదట్లోనే మన కళ్ల ముందు టేబుల్ మీద పెట్టాడు, దాచలేదు, మనం చూసీ చూడలేదు. ఈ కథ పుట్టింది కూడా వింతగానే. యానోస్ ప్రొహాస్కా అనే నటుడు తను తయారుచేసుకున్న రబ్బరు జంతువు వేషం వేసుకొచ్చి నేల మీద పాకి చూపించాడు. అది చూసి కూన్ దానికి కథ రాశాడు. ముందు వేషం, తర్వాత కథ.

దీని మీద చేసిన ఎపిసోడుకి వచ్చినన్ని వాయిస్ మెసేజ్‌లు మరి దేనికీ రాలేదు. అందులో ఒకటి బిస్సం కటక్ నుంచి. పెద్దాయన గొంతు. ‘ఆ టేబుల్ మీదున్నది వాళ్లకి రాయేనండి, లోపలున్నదానికి బిడ్డ. మా కొండ సంగతీ అంతే’ అన్నాడు. మీకు విడమర్చి చెప్పక్కర్లేదు, 2013లో నియమగిరి కొండ మీద పన్నెండు ఊళ్ల గ్రామసభలు గని వద్దని తేల్చి చెప్పాయి, వాటిలో ఏడు మీ జిల్లాలోనివే కదా. నేను ఆ మెసేజ్‌ని తర్వాతి ఎపిసోడులో యథాతథంగా వినిపించాను. కానీ కూన్ మన గురించి రాశాడని మాత్రం అనలేదు, మీరూ అనకండి. అతను 1967లో కాలిఫోర్నియాలో కూర్చుని రాశాడు. అతనికి నియమగిరి తెలియదు. మన శ్రోతకి అది గుర్తొచ్చింది. ఈ రెండూ కలిపేస్తే రచయితకీ అన్యాయం, కొండకీ అన్యాయం.

ఇక భాష. నవ్వుతారేమో అన్న భయం మీ ప్రశ్నలో నాలుగుసార్లు కనిపించింది, అందుకని ఇది కాస్త గట్టిగా చెప్తాను. మా ఊళ్లో ఏరు దాటితే పాతపట్నం, ఆంధ్ర. ఏటికి ఈ పక్క మేము. గిడుగు రామ్మూర్తి పంతులుగారు మా ఊళ్లోనే బళ్లో పాఠాలు చెప్పారు, ఇక్కడే సవర భాష నేర్చుకుని దానికి వ్యాకరణం, నిఘంటువు తయారుచేశారు. జనం మాట్లాడే తెలుగే రాయాలని ఆయన పోరాడింది ఈ వీధుల్లో ఉండే. 1936లో పర్లాకిమిడి ఒరిస్సాలో కలిసినప్పుడు రాజమండ్రి వెళ్లిపోయారు. ఆయన పుట్టిన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా చేసుకుంటున్నాం. అలాంటి చోట పుట్టి, మన ‘ఏటి’, ‘ఎలగ’ అన్న మాటలకి మనమే సిగ్గుపడితే ఎలాగండి? నేను మొదట్లో టీవీ వార్తల తెలుగులో మాట్లాడాను. మా అమ్మ విని ‘ఎవర్రా ఈ మనిషి?’ అంది. అప్పటి నుంచి మా ఇంటి తెలుగే. ఒకరిద్దరు వెక్కిరిస్తూ రాశారు, నిజమే. హైదరాబాదు నుంచి, విజయవాడ నుంచి వినేవాళ్లు మాత్రం ఒక్కరూ అర్థం కాలేదని అనలేదు. మధ్యలో ఒడియా మాట దొర్లితే దొర్లనివ్వండి, వెంటనే తెలుగులో ఇంకోసారి అనేయండి, చాలు.

సాంకేతిక పదాల దగ్గర కూడా కొత్త తెలుగు పదాలు పుట్టించకండి. ఓడ వెలుగు కంటే వేగంగా పోవడాన్ని వాళ్లు వార్ప్ అంటారు, మీరూ వార్పే అనండి. ఒకసారి అర్థం చెప్పి వాడేయండి.

ముక్కల సంగతి. మన 1957 కాపీరైటు చట్టంలో 52వ సెక్షన్ సమీక్ష, విమర్శ కోసం కొంత వాడుకోవడానికి వీలిస్తుంది. కానీ మీరు పెట్టే వేదికల్లో మెషీన్లు సంగీతాన్ని గుర్తుపట్టి ముందు ఎపిసోడు ఆపేస్తాయి, మీ వాదన తర్వాత. నాకు రెండుసార్లు అలా జరిగింది, తిరిగి తెప్పించుకోవడానికి పడిన టెన్షన్ మీకెందుకు? పైగా సీను మీరు చెప్తేనే బాగుంటుంది. స్పాక్ చెట్టుకి వేలాడిన సీను మీ చెల్లెలు నవ్వుతూ చెప్తే, ఆ నవ్వు క్లిప్పులో దొరకదు. స్క్రిప్టు పేజీలకి పేజీలు చదివి వినిపించడం కూడా వద్దు.

రికార్డింగుకి డబ్బు పోయకండి. ఫోను, కాలరుకి పెట్టుకునే వైరు మైకు చాలు. నోటికి జానెడు దూరం. ఫ్యాను ఆపండి, చుట్టూ బొంతలు వేలాడదీయండి, గోడల నుంచి తిరిగొచ్చే చప్పుడు తగ్గుతుంది. రేకుల ఇల్లయితే వాన రోజున మానుకోండి, కప్పలు కూడా గట్టిగానే వినిపిస్తాయి. మా షాపులో గుణుపురం రైలు కూత పడుతుంది, అది వచ్చినప్పుడు ఆగి, ఆ వాక్యం మొదటి నుంచి మళ్లీ చెప్తాను. ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం, కోతకి అది సరిపోతుంది. ఫైలు మోనోలో 64 కేబీపీఎస్ ఎంపీ3గా తీయండి, అరగంటకి పదిహేను ఎంబీ దాటదు. కొండ ఊళ్లలో నెట్‌వర్క్ ఎలా ఉంటుందో మీకు తెలుసు, అక్కడ కూడా దిగుతుంది.

మొదటి సీరియల్ అయ్యాక, తర్వాత వచ్చిన స్టార్ ట్రెక్ సీరియల్ నెక్స్ట్ జనరేషన్‌కి వెళ్లండి, 1987 నుంచి 1994 దాకా. అక్కడ మైఖేల్ పిల్లర్‌ని వదలకండి. మూడో సీజన్ నుంచి రచయితల గది అతని చేతిలోకి వచ్చింది, బయటివాళ్లు ఎవరైనా స్క్రిప్టు పంపొచ్చని తలుపు తీసి పెట్టాడు. రోనాల్డ్ మూర్ అలా వచ్చినవాడే. సెట్ చూడ్డానికి వచ్చిన అభిమాని, చేతిలో స్క్రిప్టు తెచ్చుకుని ఇచ్చి వెళ్లాడు. అది ‘ది బాండింగ్’గా 1989 అక్టోబరులో వచ్చింది. ఏజెంటు లేకుండా వచ్చినవాళ్ల స్క్రిప్టులు వేలల్లో చదివిన ఆ గది గురించే నాలుగు ఎపిసోడ్లు చేయొచ్చు. లాయరుగా పనిచేసిన మెలిండా స్నాడ్‌గ్రాస్ రాసిన ‘ది మెజర్ ఆఫ్ ఎ మ్యాన్’ కూడా చూడండి. డేటా అనే మరమనిషి ఒకరి ఆస్తా, తన ఇష్టం తనకున్న మనిషా అని కోర్టులో తేల్చే కథ. కోర్టు తెలిసిన మనిషి రాసిందని ప్రతి వాదనలోనూ తెలుస్తుంది.

మీ మొదటి ఎపిసోడుకి నా సలహా ఫాంటానా రాసిన ‘జర్నీ టు బేబెల్’, 1967 నవంబరు 17. స్పాక్ అమ్మానాన్నలు మొదటిసారి కనిపించేది ఇందులోనే. కొడుకు తన మాట కాదని వేరే ఉద్యోగంలో చేరాడని పద్దెనిమిదేళ్లు మాట్లాడని తండ్రి, మధ్యలో నలిగే తల్లి. రాయగడలోనే కాదు, ఏ ఊళ్లో వినేవాళ్లకైనా ఈ ఇల్లు తెలుసు. ఇద్దరున్నారు కాబట్టి ఒకరు కథ చెప్పండి, ఇంకొకరు ఆ వారం కావాలని ఎపిసోడు చూడకుండా వచ్చి ప్రశ్నలు అడగండి. అడిగేవాళ్లకి నిజంగా తెలియకపోతేనే ఆ ప్రశ్నలు బాగుంటాయి. ఇరవై ఐదు నిమిషాలు దాటనివ్వకండి. పెట్టే ముందు పేర్లు, తారీఖులు ఇంకోసారి చూసుకోండి, కావాలంటే నాకు పంపండి, రాత్రి షాపు కట్టేశాక వింటాను.